కాఫీ ఎందుకు చేదెక్కింది?

తెల్లవారగానే చాలా ఇళ్ళలో పొయ్యి మీద ముందుగా పెట్టేది కాఫీ నీళ్ళే. కాఫీ గొంతులో పడితేగాని కొందరికి పని మొదలు కాదు. ఇంటికి చుట్టాలు వస్తే ముందు అడిగే మాట కూడా అదే. "కాఫీ తాగుతారా?"

ఒకే కొట్లో కొన్న ఒకే పొడి. ఒక ఇంట్లో కాఫీ కమ్మగా ఉంటుంది. పక్క ఇంట్లో చేదుగా ఉంటుంది. పాలు అవే. పంచదార అదే. మరి తేడా ఎక్కడ వచ్చింది? "అదంతా చేతి మహిమ" అంటారు కొందరు. ఆ చేతి మహిమలో ఏముందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. బస్టాండు దగ్గర టిఫిను బండి

ఒక మండల కేంద్రంలో బస్టాండు పక్కన ఒక టిఫిను బండి ఉంది. దాన్ని నడిపేది ఒక మహిళ. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఆమె ఈ బండి పెట్టింది. నెలనెలా వాయిదా కట్టాలి. రాత్రి బడికి వెళ్ళి చదువు నేర్చుకుంది. బండి మీద బోర్డు తనే రాసింది. ఇడ్లీ, గారె, కాఫీ.

ఇడ్లీలు తొమ్మిది గంటలకల్లా అయిపోయేవి. కాఫీ మాత్రం మిగిలిపోయేది. కొందరు సగం తాగి గ్లాసు పక్కన పెట్టేసేవారు. డబ్బులు ఇచ్చేవారు. ఏమీ అనేవారు కాదు. కాని మర్నాడు ఎదురు కొట్టుకు వెళ్ళి టీ తాగేవారు.

"పొడి చాలడం లేదేమో" అనుకుంది ఆమె. ఇంకో చెంచా వేసింది. చేదు పెరిగింది. "సరిగా మరగలేదేమో" అనుకుంది. ఇంకాసేపు మరిగించింది. రంగు వచ్చింది, రుచి రాలేదు. పంచదార ఎక్కువ వేసింది. ఖర్చు పెరిగింది. ఆ నెల వాయిదాకు 400 రూపాయలు తక్కువ పడ్డాయి. సంఘంలో తోటి సభ్యురాలు సర్దింది. వచ్చే నెల ఎవరు సర్దుతారు?

ఆ సమయంలో ఆమె మేనత్త చూడటానికి వచ్చింది. మేనత్త రాజమండ్రిలో ఒక కాఫీ హోటలు వంటింట్లో ఇరవై ఏళ్ళు పనిచేసింది.

"అమ్మాయ్! వీధి చివర్నుంచే నీ కాఫీ వాసన వచ్చింది" అంది మేనత్త.

మేనకోడలు సంబరపడింది. "బాగుందా అత్తా?"

మేనత్త ఒక గుక్క తాగింది. "వాసనంతా వీధిలోనే ఉందే. గ్లాసులో లేదు" అంది.

2. చేదు ఎక్కడి నుంచి వస్తుంది?

మేనత్త చెప్పిన మాటలో అసలు సంగతి ఉంది. కాఫీ పొడిలో వాసన ఉంది. రుచి ఉంది. చేదూ ఉంది. వేడి నీళ్ళు తగలగానే ముందు వాసన, రుచి దిగుతాయి. ముతక చేదు ఆలస్యంగా దిగుతుంది.

పొడి వేసి చాలాసేపు మరిగిస్తే రెండు నష్టాలు జరుగుతాయి. వాసన ఆవిరితో పైకి పోతుంది. అడుగున ఉండాల్సిన చేదు నీళ్ళలోకి దిగుతుంది. అందుకే మరిగిన కొద్దీ కాఫీ నల్లబడుతుంది గాని, రుచి పెరగదు.

పప్పు ఉడకాలంటే మరగాలి. చారు మరిగితే రుచి. కాని కాఫీ వేరు. కాఫీకి నీళ్ళు మరగాలి. పొడి మరగకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పని అయినట్టే.

3. పొడిలో ఏముంది?

మేనత్త పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. వాసన చూసింది. "ఇది ఎక్కడ కొన్నావే?" అని అడిగింది.

"మన బజార్లోనే అత్తా. విడి పొడి. అసలైన కాఫీ పొడి అన్నాడు."

"ఒక గ్లాసులో చన్నీళ్ళు పట్రా" అంది మేనత్త.

నీళ్ళు కదలకుండా నిలిచాక పైన చిటికెడు పొడి చల్లింది. కొంత పొడి పైన తేలింది. చాలా పొడి కొద్ది క్షణాల్లోనే కిందికి జారింది. జారుతూ నీళ్ళలో గోధుమ రంగు గీతలు గీసింది.

"తేలేది కాఫీ. మునిగేది చికోరీ" అంది మేనత్త.

చికోరీ అంటే ఒక మొక్క వేరు. ఆ వేరును ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. కాఫీలో కలుపుతారు. అది విషం కాదు. కలపడం నేరమూ కాదు. చికోరీ వల్ల డికాక్షన్‌కు రంగు, చిక్కదనం వస్తాయి. కొందరికి ఆ రుచే ఇష్టం. కాని చికోరీ ఎక్కువైతే కాఫీ వాసన తగ్గుతుంది. చేదు పెరుగుతుంది. చికోరీ కాఫీ కంటే చవక. కాఫీ ధర ఇచ్చి చికోరీ కొంటే మనకే నష్టం.

దీనికి మన దేశంలో ఒక నియమం ఉంది. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. కాఫీ ఎంత శాతమో, చికోరీ ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి. 51 శాతం అంటే 100 గ్రాముల పొడిలో 51 గ్రాములు కాఫీ అని అర్థం. మిగిలిన 49 గ్రాములు చికోరీ.

మర్నాడు ఇద్దరూ కొట్టుకు వెళ్ళారు. మేనకోడలు రెండు ప్యాకెట్లు చేతిలోకి తీసుకుంది. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అవి ఆమెకు రావు. కాని అంకెలు వచ్చు. ఒకదాని మీద 53, 47 అని ఉంది. రెండోదాని మీద 70, 30 అని ఉంది. రెండు అంకెలు కలిపి చూసింది. రెంటికీ 100 వచ్చింది.

"ఇందులో కాఫీ 53 పాళ్ళు, అందులో 70 పాళ్ళు. అంతేనా అన్నా?" అని కొట్టతన్ని అడిగింది.

అతను ఆమెకేసి చూశాడు. "అంతేనమ్మా. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

బయటికి వచ్చాక మేనత్త అంది. "ఇరవై ఏళ్ళు కాఫీ కాచాను. పొడి మంచిదో కాదో నాలుకకు తెలిసేది. ఎందుకో తెలిసేది కాదు. ఆ కాగితం మీద రాసే ఉందన్నమాట!"

ప్యాకెట్ కొనేటప్పుడు నాలుగు చూడండి.

కాఫీ శాతం, చికోరీ శాతం.
బరువు ఎన్ని గ్రాములు.
తయారు చేసిన తేదీ.
గరిష్ఠ చిల్లర ధర. అంతకంటే ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

తేదీ ఎంత దగ్గరిదైతే పొడి అంత తాజా. ప్యాకెట్ విప్పాక గాలి తగిలి వాసన పోతుంది. అందుకే చిన్న ప్యాకెట్ కొనడం మేలు. విప్పిన పొడిని బిగుతు మూత ఉన్న డబ్బాలో పొయ్యాలి. డబ్బాను పొయ్యి పక్కన పెట్టకూడదు. తడి చెంచా ముంచకూడదు. రెండు వారాల్లో వాడెయ్యాలి.

4. ఫిల్టరుతో డికాక్షన్

ఫిల్టరుకు రెండు గిన్నెలు ఉంటాయి. పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు ఉంటాయి. దానిలో పొడి వెయ్యాలి. కింది గిన్నెలో డికాక్షన్ దిగుతుంది. పొడి మీద పెట్టడానికి కాడ ఉన్న చిన్న చిల్లుల పళ్ళెం ఉంటుంది. పైన మూత ఉంటుంది.

నాలుగు చిన్న గ్లాసుల కాఫీకి కొలత ఇది.

కాఫీ పొడి: 4 పెద్ద చెంచాలు. సుమారు 20 గ్రాములు.
నీళ్ళు: 150 మిల్లీలీటర్లు.
దిగే డికాక్షన్: సుమారు 100 మిల్లీలీటర్లు. మిగిలిన నీళ్ళు పొడి పీల్చుకుంటుంది.

చేసే పద్ధతి:

పై గిన్నె పొడిగా ఉండాలి. తడి ఉంటే పొడి చిల్లులకు అంటుకుంటుంది.
పొడి వేసి గిన్నెను మెల్లగా తట్టాలి. పొడి ఎత్తుపల్లాలు లేకుండా సర్దుకుంటుంది.
చిల్లుల పళ్ళెంతో పొడిని తేలిగ్గా అదమాలి. పళ్ళెం అలాగే ఉంచాలి.
నీళ్ళు తెర్లనివ్వాలి. పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగాలి.
ముందు కొద్దిగా నీళ్ళు పొయ్యాలి. పొడి అంతా తడవాలి. అర నిమిషం ఆగాలి.
తర్వాత మిగిలిన నీళ్ళు మెల్లగా పొయ్యాలి. మూత పెట్టాలి.
15 నుంచి 20 నిమిషాలు కదపకూడదు.

చెప్పినప్పుడు సులువుగానే ఉంటుంది. చేతికి అలవాటు కావాలి. మొదటి రోజు మేనకోడలు పొడిని గట్టిగా అదిమింది. గట్టిగా అదిమితే చిక్కగా దిగుతుందనుకుంది. పది నిమిషాలైనా ఒక్క చుక్క పడలేదు. ఆరున్నర బస్సు వచ్చింది. కాఫీ కోసం నిలబడ్డ నలుగురూ బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆమెకు ఏడుపొచ్చింది. "నా వల్ల కాదత్తా. ఇడ్లీలు ఒక్కటే చాలు" అంది.

మేనత్త మూత తీసి చూసింది. "గోడ కట్టినట్టు అదిమావే. నీళ్ళు ఎటు పోతాయి? రేపు ఇంత గట్టిగా అదమకు. బస్సు రేపు కూడా వస్తుంది" అంది.

డికాక్షన్ తీరు చూసి తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు.

చుక్క పడకపోతే: పొడి మరీ మెత్తన, లేదా గట్టిగా అదిమారు, లేదా చిల్లులు పూడుకున్నాయి.
గబగబా దిగి పలచగా ఉంటే: పొడి బరక, లేదా అసలు అదమలేదు.
చేదుగా ఉంటే: చికోరీ ఎక్కువ, లేదా పొడి పాతది, లేదా డికాక్షన్‌ను మళ్ళీ కాచారు.

ఫిల్టరును వాడిన వెంటనే కడగాలి. ఆరాక పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడాలి. చిల్లులన్నీ కనబడాలి. కనబడకపోతే వేడి నీళ్ళలో నానబెట్టి బ్రష్‌తో రుద్దాలి. పాత డికాక్షన్ జిడ్డు మిగిలితే కొత్త కాఫీకి ముక్క వాసన వస్తుంది.

5. ఫిల్టరు లేకపోతే?

ఫిల్టరు లేని ఇళ్ళు చాలా ఉన్నాయి. గిన్నెలో కూడా మంచి కాఫీ చెయ్యవచ్చు.

గిన్నెలో 200 మిల్లీలీటర్ల నీళ్ళు తెర్లనివ్వాలి. గిన్నెను పొయ్యి మీది నుంచి దించాలి. దించాకే 4 పెద్ద చెంచాల పొడి వెయ్యాలి. ఒక్కసారి కలిపి మూత పెట్టాలి. 5 నిమిషాలు ఆగాలి. పొడి అడుగుకు దిగుతుంది. పైన తేరిన డికాక్షన్‌ను శుభ్రమైన పలచటి గుడ్డలో మెల్లగా వడకట్టాలి. గుడ్డను పిండకూడదు. పిండితే మడ్డి, చేదు రెండూ వస్తాయి.

ఈ గుడ్డను కాఫీకే ఉంచుకోవాలి. రోజూ వేడి నీళ్ళతో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. సబ్బు వాసన ఉండకూడదు.

6. పాలు కలిపేటప్పుడు

డికాక్షన్ ఎంత బాగున్నా, కలపడంలో చెడిపోవచ్చు. పాలు బాగా కాగాలి. కాగిన పాలను డికాక్షన్‌లో పొయ్యాలి. రెంటినీ కలిపి పొయ్యి మీద మరిగించకూడదు. ఒక పాలు డికాక్షన్‌కు మూడు పాళ్ళు పాలు పోస్తే చాలా మందికి సరిపోతుంది. పంచదార వేసి ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండు మూడు సార్లు తిరగబొయ్యాలి. నురగ వస్తుంది. పంచదార కరుగుతుంది.

డికాక్షన్ చల్లారితే మళ్ళీ కాచకూడదు. వేడి నీళ్ళ గిన్నెలో డికాక్షన్ గిన్నె పెడితే చాలు, వెచ్చబడుతుంది. నిన్నటి డికాక్షన్ ఈ రోజు వాడితే నిన్నటి రుచే వస్తుంది. అదీ సగమే.

7. లెక్క చూద్దాం

మేనకోడలు రోజుకు 30 గ్లాసులకు డికాక్షన్ తీసేది. 20 గ్లాసులు అమ్ముడుపోయేవి. మిగిలిన డికాక్షన్ పారబోసేది. ఇప్పుడు కొలత ప్రకారం రెండు విడతలుగా తీస్తోంది. కొన్ని వారాలకు 30 గ్లాసులూ అమ్ముడుపోతున్నాయి. గ్లాసు కాఫీ 15 రూపాయలు. ఆమె నోటు పుస్తకంలో ఇలా రాసుకుంది.

పాత పొడి: రోజుకు 200 గ్రాములు. ఖర్చు 100 రూపాయలు.
కొత్త పొడి: రోజుకు 150 గ్రాములు. ఖర్చు 120 రూపాయలు.
పొడికి అదనపు ఖర్చు: 20 రూపాయలు.
10 గ్లాసులకు అదనంగా పాలు: 45 రూపాయలు.
10 గ్లాసులకు అదనంగా పంచదార: 10 రూపాయలు.
మొత్తం అదనపు ఖర్చు: 75 రూపాయలు.
10 గ్లాసుల మీద వచ్చిన డబ్బు: 150 రూపాయలు.
రోజుకు మిగిలింది: 75 రూపాయలు.

నెలకు 26 రోజులు బండి పెడితే 1,950 రూపాయలు. పొడి ధర పెరిగింది. కాని పొడి తక్కువ పడుతోంది. పారబోయడం ఆగింది. సర్దిన సభ్యురాలికి 400 రూపాయలు ఇచ్చేసింది. వాయిదా సమయానికి కట్టింది.

మీకు తెలుసా?

మన కాఫీలో కొంత మన కొండల మీదే పండుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, పాడేరు ప్రాంతాల గిరిజన రైతులు కాఫీ పండిస్తున్నారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి. ఆ చెట్లకు మిరియాల తీగలు పాకుతాయి. కాఫీ పండు పండితే ఎర్రబడుతుంది. ఎర్రటి పండ్లను ఏరి, ఒక్కొక్కటిగా చేత్తో కోస్తారు. పచ్చి కాయలు కలిస్తే రుచి చెడుతుంది. ఈ కోతలో ఆడవాళ్ళ కష్టం ఎంతో ఉంది. అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం పొడి మరిగించి చేదు చేస్తే, అంత జాగ్రత్తగా చేసిన కోత వృథా అవుతుంది.

ఆరోగ్యం మాట

భోజనంతో పాటు కాఫీ గాని, టీ గాని తాగకూడదు. తాగితే తిండిలో ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. ఐరన్ మాత్రను కాఫీతో మింగకూడదు. నీళ్ళతో మింగాలి. మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం ఒక గంట తేడా ఉండాలి. గర్భిణులు కాఫీ బాగా తగ్గించాలి. రాత్రి నిద్ర పట్టనివాళ్ళు సాయంత్రం కాఫీ మానాలి.

కొత్త మాటలు

డికాక్షన్: కాఫీ పొడిలోంచి వేడి నీళ్ళతో దిగిన రసం.
చికోరీ: కాఫీలో కలిపే వేరు పొడి.
శాతం: నూటికి ఎంత అని చెప్పే లెక్క.
బరక: మెత్తగా కాకుండా రవ్వలా ఉండే పొడి.

జవాబులు చెప్పండి

1. కాఫీ పొడిని ఎక్కువసేపు మరిగిస్తే ఏమవుతుంది?
2. చన్నీళ్ళలో పొడి చల్లినప్పుడు మునిగేది ఏది?
3. మేనకోడలికి ఇంగ్లీషు రాకపోయినా ప్యాకెట్ మీది సంగతి ఎలా తెలిసింది?
4. మొదటి రోజు డికాక్షన్ ఎందుకు దిగలేదు?

ఖాళీలు పూరించండి

1. కాఫీకి ........ మరగాలి. ........ మరగకూడదు.
2. కాఫీ 60 శాతం ఉంటే చికోరీ ........ శాతం.
3. 4 గ్లాసులకు 20 గ్రాముల పొడి. 8 గ్లాసులకు ........ గ్రాములు.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న కాఫీ ప్యాకెట్ తీయండి. దాని మీది రెండు శాతాలు, బరువు, తేదీ, ధర మీ నోటు పుస్తకంలో రాయండి. ఒక రోజు పాత పద్ధతిలో కాఫీ పెట్టండి. మర్నాడు ఈ పాఠంలో చెప్పినట్టు పెట్టండి. పొడి ఎన్ని చెంచాలో, నీళ్ళు ఎన్నో, ఎన్ని నిమిషాలు ఆగారో రాసుకోండి. మీ ఇంట్లో వాళ్ళకు నచ్చిన కొలతను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, వంటింటి గోడకు అంటించండి.